గౌను అంచున మూడు మడతలు

లాలాగూడ, సికింద్రాబాద్
22 జూన్ 2025

చిరంజీవి రజితకు మామయ్య భద్రయ్య దీవెనలు.

ముందే చెబుతున్నాను, నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. తప్పులు కూడా ఉంటాయి. ఏడో తరగతితో ఊరి బడి విడిచిన చెయ్యి ఇది. దీనికి సుద్ద అలవాటు, పెన్ను కాదు. ఏమీ అనుకోకు.

ఫోన్ చెయ్యరాదా అంటావు. ఫోన్‌లో నాకు మాట రాదు. సగం వినబడదు. వినబడిన సగానికి జవాబు ఆలోచించేలోపు మీరు పెట్టేస్తారు. ఉత్తరమైతే నా కోసం ఆగుతుంది.

నువ్వు పంపిన ప్యాకెట్ చూశాను. "పిల్లల బట్టలు, మొదటిసారి కుట్టేవారికి సులువైన నమూనాలు" అని పైన అచ్చు. విప్పితే ఉల్లిపొర లాంటి కాగితం టేబులంతా పరుచుకుంది. దాని మీద నాలుగు రకాల గీతలు. చుక్కల గీత మూడేండ్ల పిల్లకట, గొలుసు గీత ఐదేండ్ల పిల్లకట. ఎవరి పిల్ల? మా గల్లీలో ఐదేండ్లవి ఇద్దరున్నారు. ఫిట్టర్ లూకా బిడ్డ దేవకృప వెదురుబద్ద. నా దుకాణంలో కాజాలు కుట్టే మౌలా అలీ మనవరాలు ఖుష్బూ బూరె. ఇద్దరికీ ఒకటే గీతా? కాగితం కోసేవాడు పిల్లను చూడకుండా కోస్తాడు. పిల్లను చూడనివాడు దర్జీ కాదు.

మౌలా అలీ ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"భద్రయ్యా, గిది మిర్చి బజ్జీ కట్టనీకి సుత పనికిరాదు. జెర పల్చగున్నది, నూనె కారుతది."

ఆగస్టు పదిహేనుకు నీ బిడ్డ కుసుమ బడిలో డాన్సు ఉందని, దానికి తెల్లగౌను నువ్వే కుడతానని రాశావు. మిషను కొన్నదానివి కుట్టుకో. కానీ గుడ్డను ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టు. అది ఆ కాగితంలో రాసి ఉండదు. లేదా పిల్ల కొలతలు పంపు, నేనే కుట్టి పంపుతాను. అదే మంచిది.

నా కుసుమ ఎట్లా ఉంది? నలభై ఏండ్లు పిల్లలకు టేపు పట్టాను. గిలిగింతలని మెలికలు తిరగని పిల్ల అదొక్కతే. నిలబెడితే బొమ్మలా నిలబడింది. బంగారు తల్లి.

నీ మామయ్య
భద్రయ్య

*

బల్లార్షా, రైల్వే క్వార్టర్స్
1 జులై 2025

మామయ్యా, నమస్కారం.

రాత గురించి బాధ పడకు, బాగానే చదవగలిగాను. తిట్లైతే ముత్యాల్లా పడ్డాయి.

కాగితమంటే నీకింత చులకన ఎందుకు? నీకున్నట్టు నాకు నలభై ఏండ్ల చెయ్యి లేదు. మీ అల్లుడు డ్యూటీకి పోయాక నాకు నేర్పే మనిషి ఇక్కడ ఎవరున్నారు? కాగితం తిట్టదు. "ఇక్కడ కత్తిరించు, ఇక్కడ కుట్టు" అని చెబుతుంది. పక్క క్వార్టర్ ఆమె కూడా దాంతోనే నేర్చుకుంది.

దాచడమెందుకు, మొదటి గౌను చెడింది. కుసుమకు డిసెంబర్‌కు ఆరు నిండుతాయి కదా, ఐదేండ్ల గీత మీద కోశాను. తొడిగితే భుజాలు మోచేతుల దాకా జారాయి. అంచు పాదాల మీద పడింది. మా అత్తమ్మ గుమ్మంలో కూర్చుని పడీపడీ నవ్వింది.

"ఏందే గిది? పిల్లకు గౌను కుట్టినవా, గంపకు గుడ్డ కప్పినవా?"

డాన్సులో కుసుమను ఎల్కేజీ పిల్లల వరసలో నిలబెట్టారు. చిన్నగా ఉంది, ముందు వరసలో ముద్దుగా ఉంటుంది అన్నది టీచర్. ఫరవాలేదులే, ఫొటోలో బాగా పడుతుంది.

నీ నీలంపువ్వుల గౌను ఇంకా బంగారంలా ఉంది. మేము ఇక్కడికి వచ్చేటప్పుడు స్టేషన్లో నా చేతికిచ్చావు చూడు, అదే. రెండేండ్లయినా కుట్టించిన రోజు ఉన్నట్టే వస్తోంది. ఎక్కడికి తీసుకుపోయినా "ఏ టైలర్?" అని అడుగుతారు. ఎప్పుడూ "మా మామయ్య" అనే చెబుతున్నాను. ఈ ఒక్కసారి "నేనే కుట్టాను" అని చెప్పాలని ఉంది. బాగుందని నీ నోటితో ఒక్క మాట వినాలని ఉంది. అమ్మ బతికినన్నాళ్లు కుట్టు నేర్పమని నిన్ను అడిగింది. నువ్వు కత్తెర కూడా ముట్టనివ్వలేదు. నాకైతే కాగితం దొరికింది.

కుసుమ ముద్దులు పంపింది. ఇప్పుడే నిద్రపోయింది. ఈ మధ్య బడి నుంచి రాగానే పడుకుంటోంది. అల్లరే లేదు.

నీ మేనకోడలు
రజిత

*

లాలాగూడ
8 జులై 2025

చిరంజీవి రజితకు,

చెప్పానా, లేదా? కాగితానికి కండ్లు లేవు. ఆ గౌనును మసిగుడ్డ చేసుకో. కుండ దించడానికైనా పనికొస్తుంది. కాగితాన్ని పొయ్యిలో పెట్టు.

నీలంపువ్వుల గౌను రెండేండ్లుగా వస్తోందని మురిసిపోతున్నావు. ఊరికే వస్తుందా? అంచు దగ్గర లోపలికి మూడు మడతలు పెట్టాను. పిల్ల ఎదుగుతుంటే ఏడాదికొకటి విప్పమని స్టేషన్లో చెప్పాను. కొత్తదానివి, వెతుక్కోలేవని ఎర్రదారంతో కచ్చాకుట్టు వేశాను. ఈపాటికి రెండు విప్పి ఉంటావు. మూడోది జాగ్రత్తగా విప్పు. బ్లేడుతో గుడ్డను కోసేవు. నీ కాగితంలో ఆ మడతలు ఉన్నాయా? ఉండవు. కాగితానికి రేపు ఉండదు.

ఈ సంగతి చెబితే మౌలా అలీ నన్నే ఆడిపోసుకున్నాడు.

"నీ గౌను చినుగదు, పిల్ల నీ గౌను విడువదు. గిట్ల కుట్టబట్టే నీ దుకాన్ల గిరాకీ లేకపాయె!"

కత్తెర గురించి ఎత్తిపొడిచావు. కత్తెర ఒక చేతికి అలవాటు పడుతుంది. ఇంకో చెయ్యి పడితే పదును మారుతుంది. మీ అమ్మ మీద కోపంతో ఇవ్వకపోవడం కాదు.

పొట్టి అని టీచర్ అంటే అననీ. మా చెల్లె, అదే మీ అమ్మ కుసుమకుమారి కూడా పొట్టిదే. పిల్లకు దాని పేరు పెట్టారు, పేరుతోపాటు ఎత్తూ వచ్చింది. నిద్ర అంటావా, బడి పిల్లలు అలసిపోరా?

కొలతలు పంపు. గోడకు ఆనించకుండా నిలబెట్టు. ఛాతీకి టేపు చంకల కింద నుంచి తిప్పి లోపల రెండు వేళ్లు పెట్టు. భుజం చివర నుంచి చివరకు. భుజం నుంచి మోకాలుకు. మూడే మూడు. అవి కూడా రాకపోతే మిషను అమ్మెయ్యి.

నీ మామయ్య
భద్రయ్య

*

బల్లార్షా
19 జులై 2025

మామయ్యా,

ఇవిగో నీ మూడు కొలతలు. ఛాతీ ఇరవై ఒకటి. భుజం తొమ్మిది. భుజం నుంచి మోకాలుకు ఇరవై. నువ్వు చెప్పినట్టే పట్టాను. కుసుమ కదలనైనా కదల్లేదు. చివరికి చూస్తే నిలబడే కునుకు తీస్తోంది, పిచ్చి తల్లి.

ఇంకో సంగతి. నువ్వు పొయ్యిలో పెట్టమన్న కాగితాన్ని నేను పెట్టలేదు. పాత చీర తీసుకుని ఈసారి మూడేండ్ల గీత మీద కోశాను. కుట్టి తొడిగితే ఎట్లా పట్టిందో తెలుసా? కొలిచి పోతపోసినట్టు! భుజం భుజం మీద, అంచు మోకాలి మీద. అంటే కాగితం తప్పు కాదు, గీత ఎంచుకోవడంలో తప్పు నాది. ఆ నమూనాలు అచ్చువేసినవాళ్ల దేశంలో పిల్లలు పెద్దగా ఉంటారేమో. మన పిల్లలకు రెండు గీతలు తగ్గించుకోవాలి, అంతే. ఆ చిట్కా నేనే కనిపెట్టాను. పక్క క్వార్టర్ ఆమెకు చెబితే, "మా బాబుకు ఐదుకు ఐదే సరిపోయిందే!" అన్నది. ఆమె బాబు లావులే.

మీ అల్లుడు కూడా మెచ్చుకున్నాడు. "మామయ్యకు చూపియ్యి, జెర ఆయన మూతి ఎట్ల ముడుస్తడో చూస్త" అన్నాడు. తెల్లగుడ్డ నానబెట్టాను. రేపు కోస్తాను. నలభై ఏండ్ల అనుభవం మీద ఒక ఉల్లిపొర గెలిచింది. ఒప్పుకుంటే నీ సొమ్మేం పోదు.

రజిత

*

లాలాగూడ
26 జులై 2025

రజితకు,

నీ ఉత్తరం రాగానే నా కొలతల పుస్తకం తీశాను. జూన్ 2023 పేజీ. కుసుమ, మూడున్నర ఏండ్లు. ఛాతీ ఇరవై ఒకటి. భుజం తొమ్మిది. పొడవు ఇరవై.

నీ కొలతలు కూడా అవే. దారమంత తేడా లేదు.

నన్నెవరనుకున్నావు? నువ్వు పిల్లకు టేపు పట్టలేదు. నా గౌను మంచం మీద పరిచి, దాని కొలతలు రాసి పంపావు. ఇక్కడి రైల్వే వర్క్‌షాపు వాళ్ల పెండ్లాలు చాలామంది నా దగ్గర ఈ పని చేశారు. పిల్లను లేపడానికి బద్ధకమై పాత చొక్కా తెచ్చి "గీ కొలతకే కుట్టు" అనేవాళ్లు. పండుగనాడు చొక్కా ఎక్కక ఏడుస్తూ వచ్చేది కూడా వాళ్లే. కానీ వాళ్లు చొక్కా కొలత చొక్కా కొలతనే చెప్పారు. నువ్వు అబద్ధం రాశావు. పైగా పిల్ల నిలబడి నిద్రపోయిందని కథ కూడా అల్లావు.

మౌలా అలీ నీ తరఫున వచ్చాడు.

"పోరిని నిజంగనే కొలిచిందేమో, పూచ్ తో లే, అడుగరాదయ్యా ఒకపారి."

"రెండేండ్లల దారమంత సుత పెరగని పిల్ల ఉంటదా? అకల్ ఉన్నదా నీకు?" అన్నాను.

నవ్వి కాజా కుట్టుకున్నాడు.

కాగితం నీకు నేర్పింది ఇదే. చూడకుండా కోయడం, కొలవకుండా రాయడం. మీ అమ్మకు కత్తెర ఇవ్వలేదు గానీ, అది ఇటువంటి పని చేసేది కాదు. తెల్లగౌను నీ ఇష్టం వచ్చినట్టు కుట్టుకో. నన్ను అడగకు.

భద్రయ్య

*

బల్లార్షా
3 ఆగస్టు 2025

మామయ్యకు,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. అత్తమ్మ చూస్తుందని బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

నేను నా బిడ్డనే కొలిచాను. మళ్లీ కొలిచాను. మీ అల్లుడితో కొలిపించాను. మూడుసార్లూ ఇరవై ఒకటే వచ్చింది. నీ పుస్తకంలో ఏముందో నాకెట్లా తెలుస్తుంది? ఇక్కడి నుంచి కనబడుతుందా? నేను ఏం చేసినా నీకు దొంగపనే. అమ్మను కూడా ఇట్లాగే అనేవాడివి. ఆమె నవ్వి ఊరుకునేది. నాకు నవ్వు రావడం లేదు.

నీ నీలంపువ్వుల గౌను ఈ పార్సెల్‌లో పెట్టాను. కొలుచుకో. దాన్ని నేను కొలిచానో లేదో దాన్నే అడుగు. కుసుమ "తాత గౌను ఎటు పోయింది?" అని అడిగింది. తాత వాపసు అడిగాడని చెప్పాను.

పదిహేనో తారీఖు నా బిడ్డ నేను కుట్టిన గౌనే వేసుకుంటుంది. నువ్వు ఇక రాయవద్దు.

రజిత

*

లాలాగూడ
7 ఆగస్టు 2025

రజితా,

రాయవద్దన్నావు. రాయక తప్పదు. పొద్దున మౌలా అలీ ఫోన్ నుంచి చేశాను. నా గొంతు విని పెట్టేశావు. తర్వాత వాడు నాలుగుసార్లు చేసినా ఎత్తలేదు. నీ తప్పేమీ లేదు. అందుకే స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. అల్లుడి డ్యూటీ నంబర్ కోసం మౌలా అలీ స్టేషన్‌కు పోయాడు. అది దొరికితే ఉత్తరం కంటే ముందే నీకు తెలుస్తుంది.

పార్సెల్ నిన్న వచ్చింది. గౌను తిప్పి చూశాను. మూడు మడతలూ ఉన్నాయి. ఎర్రదారం మూడు వరసలూ ఉన్నాయి. నేను వేసిన ముడి నేను వేసినట్టే ఉంది. నువ్వు ఒక్కటీ విప్పలేదు. నీకు విప్పే పనే పడలేదు.

నువ్వు కొలిచింది పిల్లనే. ఇరవై ఒకటే. కాగితం కూడా సరిగ్గానే చెప్పింది. ఐదేండ్ల పిల్ల నువ్వు చెడిందన్న ఆ మొదటి గౌనంత ఉండాలి. మన పిల్ల అంత లేదు.

మౌలా అలీ ఖుష్బూను తీసుకొచ్చి నిలబెట్టాడు. అది కూడా డిసెంబర్ పుట్టుకే. 2023లో దాని ఛాతీ ఇరవై ఒకటిన్నర. ఇప్పుడు ఇరవై నాలుగు దాటింది. నేను టేపు పట్టుకుని నిలబడ్డాను.

పొట్టి వేరు, ఆగిపోవడం వేరు. మా చెల్లె పొట్టిదే. అయినా ఏటా దాని లంగా అంచు దించింది నేనే. పోలిక అని నీకు రాసింది నా తెలివితక్కువ మాట. మీ అత్తమ్మ కూడా అదే అంటుంది. వినకు.

పెద్ద డాక్టరుకు చూపించు. నిద్ర గురించి చెప్పు. కదలకుండా నిలబడుతుందని చెప్పు. ఈ ఉత్తరంలో నా కొలతల పేజీ చింపి పెట్టాను, అది ఇవ్వు. పదిహేనో తారీఖు దాకా ఆగకు.

భద్రయ్య

*

బల్లార్షా
30 ఆగస్టు 2025

మామయ్యా,

నీ ఉత్తరం కంటే ముందు స్టేషన్ నుంచి కబురు వచ్చింది. మీ అల్లుడు డ్యూటీ బట్టలతోనే ఇంటికి పరుగెత్తుకొచ్చి కుసుమను గోడకు నిలబెట్టాడు. అత్తమ్మ అడ్డం పడింది.

"మంచిగున్న పోరికి రోగం అంటగడ్తరా? దర్జీ చెప్తే దవాఖానకు పోతరా?"

ఆయన జీవితంలో మొదటిసారి వాళ్లమ్మకు ఎదురు చెప్పాడు. "దర్జీ కాదమ్మా, టేపు చెప్పింది."

నాగపూర్ పోయాం. రక్తం తీశారు. మణికట్టు ఎక్స్‌రే తీశారు. పిల్లకు ఐదున్నర దాటినా ఎముకలకు మూడున్నరే అన్నది డాక్టరమ్మ. గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి పని చెయ్యడం లేదట. ఆ నిద్ర, మాట్లాడకపోవడం, ఎండాకాలంలో కూడా చలి అనడం, అన్నీ దానివేనట. మేము బుద్ధిమంతురాలని మురిసిపోయాం. రోజూ పొద్దున పరగడుపున ఒక మాత్ర. మానకుండా వేస్తే మళ్లీ ఎదుగుతుంది, వెనకబడినదంతా చాలావరకు అందుకుంటుంది అన్నది. ముందే వస్తే ఇంకా బాగుండేదని కూడా అన్నది.

నీ పేజీ చూపించాను. ఎవరు రాశారని అడిగింది. టైలర్ అంటే ముందు నవ్వింది. తర్వాత చాలాసేపు చూసి, ఎప్పుడు ఆగిందో దీనివల్ల తెలిసిందని ఫైల్లో పెట్టుకుంది.

మామయ్యా, రోజూ స్నానం పోసేది నేనే. రోజూ తల దువ్వేది నేనే. నాకు కనబడలేదు. పక్క క్వార్టర్ బాబుకు ఐదుకు ఐదే సరిపోయిందంటే వాడు లావన్నాను. కాగితం రెండు గీతలు అవతల నిలబడి చెబుతుంటే చిట్కా కనిపెట్టానని సంబరపడ్డాను.

పదిహేనో తారీఖు కుసుమ నేను కుట్టిన గౌను వేసుకుంది. మాత్ర మొదలుపెట్టి అప్పటికి మూడు రోజులే. డాన్సు మధ్యలో కూర్చుండిపోయింది. మొన్నయితే టేపు పట్టబోతే మొదటిసారి గిలిగింతలని మెలికలు తిరిగింది. టేపు కింద పడేసి నవ్వాను. ఫొటో పంపుతున్నాను. నా కుట్టు ఎట్లా ఉందో నువ్వు చెప్పవని తెలుసు. అయినా పంపుతున్నాను.

రజిత

*

లాలాగూడ
5 సెప్టెంబర్ 2025

చిరంజీవి రజితకు మామయ్య దీవెనలు.

ఫొటో చూశాను. కుడిపక్క అంచు అర అంగుళం కిందికి దిగింది. మెడ పట్టీ ముడుచుకుంది. భుజం కుట్టు బాగుంది. నేను కూడా అంతకంటే బాగా కుట్టలేను.

మౌలా అలీకి చూపించాను.

"భద్రయ్య నోటెంబడి 'బాగుంది' అని వచ్చిందా? ఏదీ, మళ్లొకపారి అను, గల్లీ అంతటిని పిలుస్త!"

అనలేదు. నీకు రాశాను, చాలు.

ఒకటి చెప్పాలి. పోయిన కార్తీకంలో నా కంటి ఆపరేషన్ అయిన మరునాడు మీరు ఒక్కపూట వచ్చి పోయారు. కంటికి పట్టీ ఉంది. నేను స్టూలు మీద కూర్చుంటే కుసుమ వచ్చి ఆనుకుంది. తల మీద చెయ్యి పెట్టాను. అంతకు ఏడాదిన్నర ముందు ఆ స్టూలు మీదే కూర్చుని కొలిచాను. తల అప్పుడు అందిన చోటే అందింది. చేతికి తెలిసింది. కన్ను కనబడక అట్లా అనిపించిందిలే అనుకున్నాను. కాగితానికి కండ్లు లేవని నీకు రాసినవాడికి చేతుల మీద కూడా నమ్మకం లేకపోయింది. నలభై ఏండ్లు పిల్లల బట్టలకు ఎదుగుడు మడతలు పెట్టాను. విప్పారా అని ఒక్క తల్లిని అడగలేదు. గౌను గట్టిగా ఉందంటే మురిశాను. ఛీ.

మీ అమ్మకు కత్తెర ఇవ్వాల్సింది. సాన పట్టించి ఉంచాను. వచ్చినప్పుడు నీ చేతికి ఎట్లా ఉంటుందో చూద్దాం.

నీలంపువ్వుల గౌను వాపసు పంపుతున్నాను. తాత వాపసు అడగలేదని కుసుమకు చెప్పు. మడతలు మూడూ అట్లాగే ఉన్నాయి. మొదటిది ఎప్పుడు విప్పాలో నాకు తెలియదు, నీ టేపు చెబుతుంది. ఎర్రదారం పారెయ్యకుండా ఉత్తరంలో పెట్టి పంపు.

ఇంకొక్క మాట. ఆ ఐదేండ్ల గౌనును మసిగుడ్డ చెయ్యమన్నాను. ఆ నోటిని ఏం చెయ్యాలో తెలియడం లేదు. చేశావా? చెయ్యకపోతే ఉతికి మడతపెట్టి పైన దాచు. కుట్లు విప్పకు, చిన్నది చెయ్యకు. దాని కొలత సరైనదే. పిల్లే దాని దాకా రావాలి.

ఉన్నదో, పోయిందో ఆ ఒక్క ముక్క రాస్తే చాలు. పోస్టుమాన్ మా గల్లీకి పదకొండింటికి వస్తాడు. ఆ టైముకు దుకాణం మెట్టు మీదే కూర్చుంటున్నాను. తొందరగా జవాబు రాయి.

నీ మామయ్య
భద్రయ్య